పైరునందలి జమాఖర్చులు

వరి విత్తనములను నానవేసి, గోనెలలో మండె కట్టి యుంచిన మరునాడు అందు చేయి పెట్టి చూచినచో వెచ్చగా నుండుట రైతులందరు నెరిగినదే. ఆ మండెక్రింద నిప్పు లేదు. పైన ఎండ లేదు. అయినను వేడి పుట్టినది. గింజ తనలో దాచుకొనిన పిండిపదార్థమును కొంచెము కొంచెముగా దహించుకొనుచు, ఆ దహనమువలన వచ్చిన శక్తితో మొలకను నిర్మించుకొనుచున్నది. పనికి వినియోగింపబడక మిగిలిన శక్తి వేడిమిగా వెలువడుచున్నది. మండెలో ఈ వ్యయము మనకు లాభకరము. అదియే గాదెలో జరిగినచో విత్తనము చెడును. చేనిలో రాత్రులయందు మితిమీరినచో దిగుబడి తగ్గును. ముంపునీటిలో జరిగినచో పైరునకు ప్రాణాపాయము. కావున పైరు శక్తిని ఎట్లు సంపాదించునో, ఎట్లు వెచ్చించునో తెలిసికొనుట పండితులకు మాత్రమే గాక రైతులకును అవసరము.

సహకార సంఘ సభ్యులకు జమాఖర్చుల పుస్తకము క్రొత్తది కాదు. పైరునకును అట్టి పుస్తకము కలదు. దానిని విప్పి చూతము.

1. జీవకణము

వరి యాకును గాని వేరును గాని మిక్కిలి పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, గోడలతో వేరుచేయబడిన చిన్న చిన్న గదులు వరుసలుగా కనబడును. ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు కార్కు బెరడులో ఇట్టి గదులను చూచి 1665 సంవత్సరమున వర్ణించెను. వీనికే జీవకణములని పేరు. ఒక్కొక్క కణము ఒక్కొక్క సంసారము వంటిది. సంసారములో వంటయిల్లు, కొట్టు, గాదె వేరువేరుగా నున్నట్లే, కణములోను వేరువేరు పనులకు వేరువేరు భాగములు కలవు. వీనిని కణాంగములందురు. శక్తి విషయమున ముఖ్యమైనవి రెండు.

మొదటివి హరితరేణువులు. ఇవి ఆకులయందును, మొక్క యొక్క ఇతర పచ్చని భాగములయందును ఉండును. ఒక్కొక్క రేణువు మిల్లీమీటరులో రమారమి 200వ వంతు పరిమాణము గలది. ఆకునకు పచ్చదనము నిచ్చు పత్రహరితము వీనిలోనే యున్నది. సంపాదన వీని పని.

రెండవవి మైటోకాండ్రియా యను రేణువులు. వెడల్పున మిల్లీమీటరులో వేయవ వంతు మాత్రమే యుండును. 1898లో కార్ల్ బెండా యను జర్మను శాస్త్రజ్ఞుడు, దారమనియు రేణువనియు అర్థమిచ్చు రెండు గ్రీకు మాటలను కలిపి వీనికి ఈ పేరు పెట్టెను. ఇవి ఆకులోనే గాక వేరులో, కాండములో, గింజలో కూడ ఉన్నవి. ఎద్దులోను మనిషిలోను ఉన్నవి. ధాన్యమును చెరచు బూజులోను పురుగులోను ఉన్నవి. సంపాదించిన చక్కెరను పనికి వచ్చు శక్తిగా మార్చి యిచ్చుట వీని పని.

ఇచ్చట ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. హరితరేణువులు పగటివేళ, వెలుతురున్నప్పుడే సంపాదించును. మైటోకాండ్రియా రాత్రింబవళ్లు పనిచేయును. సంపాదనకు సెలవు కలదు. వ్యయమునకు సెలవు లేదు.

2. జమ పద్దు

హరితరేణువుల సంపాదనకు కావలసిన వస్తువులు మూడు: గాలిలోని బొగ్గుపులుసు వాయువు, వేళ్లు తెచ్చు నీరు, సూర్యుని వెలుతురు. బొగ్గుపులుసు వాయువు గాలిలో పదివేల పాళ్లకు రమారమి నాలుగు పాళ్లు మాత్రమే యున్నది. ఆకులలోని సన్నని రంధ్రములద్వారా అది లోనికి పోవును.

పని రెండు అంచెలుగా జరుగును. మొదటి అంచెలో పత్రహరితము వెలుతురును పట్టుకొని, ఆ బలముచే నీటిని విడగొట్టును. అందలి ప్రాణవాయువు బయటికి పోవును. మనము పీల్చు ప్రాణవాయువు ఇట్లు వచ్చినదే. ఆకునుండి వేరుచేసిన హరితరేణువులు సైతము వెలుతురులో ప్రాణవాయువును విడుచునని 1937లో రాబర్టు హిల్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. రెండవ అంచెలో, వెలుతురువలన లభించిన శక్తితో బొగ్గుపులుసు వాయువునుండి చక్కెర తయారగును. ఆ చక్కెరయే కాండమునకు, వేరునకు, కంకికి ప్రవహించి, గింజలో పిండిగా నిలువ చేరును.

ఈ కర్మాగారమును కట్టుటకు నత్రజని మిక్కుటముగా కావలెను. ఆకులోని నత్రజనిలో అధికభాగము హరితరేణువులలోనే యున్నది. పత్రహరితమునకు నడుమ మెగ్నీషియము కలదు. దాని తయారీకి ఇనుము సాయపడును. నత్రజని చాలనప్పుడు క్రిందియాకులు ముందుగా పసుపువన్నె కగుటకు కారణమిదియే. మొక్క ముసలియాకులలోని హరితరేణువులను విప్పి, ఆ నత్రజనిని లేతయాకులకు పంపుకొనుచున్నది.

అయితే ఎరువు ఎక్కువైనకొలది సంపాదన పెరుగునని భ్రమపడరాదు. యూరియా మితిమీరినచో ఆకులు దట్టమై పైయాకులు క్రిందియాకులకు నీడగును. వెలుతురు సోకని ఆకు సంపాదింపదు. దానిలోని మైటోకాండ్రియా మాత్రము వ్యయము మానవు. సంపాదన లేని బంధువులు ఇంట పెరిగినట్లగును. అట్టి దుబ్బులో తెగుళ్లు కూడ సులభముగా చేరును.

కంకి వెడలిన తరువాత గింజకు చేరు పిండిలో అధికభాగము ఆ దినములలో పైయాకులు సంపాదించినదే. మిగిలినది కాండమునందును ఆకుతొడుగులయందును ముందుగా దాచియుంచినది. కావున పొట్టదశ మొదలు గింజ గట్టిపడువరకు పై మూడాకులను తెగుళ్లనుండియు పురుగులనుండియు కాపాడుట పంటను కాపాడుటయే. ఆ సమయమున ఆకులు మాడినచో తాలుగింజలు తప్పవు.

3. ఖర్చు పద్దు

చక్కెరలో శక్తి యున్నను అది పెద్దనోటు వంటిది. నారుమడిలో కూలివారికి కూలి యియ్యవలెనన్న చిల్లర కావలెను. కణములో అట్టి చిల్లర నాణెము ఏ.టి.పి. యను పదార్థము. ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు అనునది దాని పూర్తిపేరు. దానిలో మూడు భాస్వరపు ముడులు వరుసగా నున్నవి. చివరి ముడి విడినప్పుడు శక్తి వెలువడి కణములోని పని జరుగును. మైటోకాండ్రియా ఆ ముడిని మరల కట్టి నాణెమును తిరిగి చలామణికి పంపును. భాస్వరపు టెరువు చాలనిచో వేళ్లు, పిలకలు సరిగా పెరుగకుండుటకుగల కారణములలో ఇది యొకటి.

ఈ నాణెమును కనుగొన్నవారిలో మన ఆంధ్రుడొకడు కలడు. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయుచు, కండరములనుండి ఈ పదార్థమును వేరుచేసి 1929లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోహ్‌మన్ కూడ దీనిని కనుగొనెను. సుబ్బారావు 1948లో అమెరికాలోనే మరణించెను. ఎద్దు కండరములో కనబడు ఏ.టి.పి.యే వరి వేరులోను పనిచేయుచున్నది.

మైటోకాండ్రియా ఈ నాణెమును తయారుచేయు విధము చెరువు తూమును జ్ఞప్తికి దెచ్చును. చక్కెర మొదట కణద్రవములో రెండు ముక్కలగును. ఆ ముక్కలు మైటోకాండ్రియాలో చేరి, ప్రాణవాయువు సాయమున అంచెలంచెలుగా దహింపబడును. అప్పుడు వెలువడు శక్తి ఉదజని కణములను ఒక పొరకు ఆవలిప్రక్కకు తోడిపోయును. చెరువులో నీరు నిలిచినట్లు అవి అచ్చట నిలుచును. తిరిగి ఈవలికి వచ్చుటకు వానికొక తూము వంటి మార్గము కలదు. ఆ మార్గమున నున్న సూక్ష్మచక్రము అవి ప్రవహించినప్పుడు నిజముగనే తిరుగుచు ఏ.టి.పి.ని కూర్చును. ఈ విధానమును 1961లో పీటర్ మిచెల్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఊహించి చెప్పగా పలువురు మొదట నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. హరితరేణువులును వెలుతురు బలముచే ఇట్టి తూమునే నడపుకొనుచున్నవి.

ప్రాణవాయు వున్నప్పుడు ఒక చక్కెర అణువునుండి రమారమి 30 ఏ.టి.పి.లు లభించును. ప్రాణవాయువు లేనిచో దహనము ఆగి పులియుట మాత్రమే జరుగును. అప్పుడు లభించునవి 2 మాత్రమే. అనగా పదునైదింట ఒక వంతు. ఈ యొక్క లెక్కను రైతు మనస్సున నిలుపుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఈ శక్తి దేనికి వ్యయమగును? ఖర్చులు రెండు తరగతులు. క్రొత్త ఆకు, క్రొత్త వేరు, క్రొత్త గింజ నిర్మించుటకగు ఖర్చు మొదటిది; ఇది పెట్టుబడి. ఉన్న కణములను చెడకుండ నిలుపుకొనుటకగు ఖర్చు రెండవది. ఇది ఇంటి మరమ్మతు వంటిది. పైరు తన సంపాదనలో సుమారు మూడవవంతు మొదలు సగమువరకు ఈ రెండు ఖర్చులకే వినియోగించును. ఇది దుబారా యని తలపరాదు. వేరు నేలనుండి పోషకముల నెక్కువగా శక్తి వెచ్చించియే గ్రహించును. మిరప, ప్రత్తి, మొక్కజొన్న చేలలో నీరు నిలిచినప్పుడు ఎరువు వేసియున్నను ఆకులు పాలిపోవుట చూతుము. వేళ్లకు గాలి యందక వానిలోని మైటోకాండ్రియా పని తగ్గినది. శక్తి లేని వేరు కంటి యెదుట నున్న ఆహారమును గ్రహింపలేకున్నది. అప్పుడు ముందు చేయవలసినది మురుగు తీయుట. వరి వేళ్లలో గాలి దిగుటకు సన్నని గొట్టములవంటి ఖాళీలు ఉన్నందున అది నీటిమడిలో బ్రదుకుచున్నది.

4. వేడి రాత్రులు

మరమ్మతు ఖర్చు ఉష్ణోగ్రతనుబట్టి మారును. మామూలు వాతావరణపు హద్దులలో 10 డిగ్రీల వేడి పెరిగినచో పైరు శ్వాస రమారమి రెట్టింపగును. రాత్రివేళ జమ లేదు గనుక వేడి రాత్రి అంతయు ఖర్చే.

ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలములలో జరిగిన పరిశీలన యొకటి 2004లో ప్రకటింపబడినది. ఎండకాలపు పంటలో రాత్రి కనిష్ఠోష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగినకొలది ధాన్యపు దిగుబడి సుమారు 10 శాతము తగ్గినట్లు అందు తేలినది. ఈ నష్టమంతయు శ్వాసవలననే యని చెప్పజాలము. వేడి వలన గింజ పాలుపోసుకొనుటయు చెడును. అయినను రాత్రులు వేడెక్కుచున్న ఈ కాలమున దాళ్వా రైతు దీనిని గమనింపక తప్పదు. నారుమడి ఆలస్యమైనకొలది గింజ గట్టిపడు కాలము ముదిరిన వేసవిలోనికి జారును. సకాలమున నారు పోయుట అదనపు వ్యయము లేకుండ పైరు ఖర్చును తగ్గించు ఉపాయము.

5. ముంపు

గాలిలోకంటె నీటిలో వాయువులు రమారమి పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. బురదనీరు పైరును పూర్తిగా ముంచినప్పుడు వెలుతురు తగ్గి జమ పడిపోవును. ప్రాణవాయువు చాలక ఖర్చు దండుగ మార్గమున పడును. ఒక చక్కెర అణువునకు 30 నాణెములకు బదులు రెండే వచ్చుచుండగా పైరు ఎన్నాళ్లు నిలుచును?

సామాన్యమైన వరి ఆ సమయమున నీటిపైకి తల యెత్తవలెనని తొందరపడి సాగును. లోతునీటి వరివంగడములకు ఈ సాగుట రక్షణ. నీరు నెలలతరబడి నిలుచు తావులలో అవి ఎత్తుగా పెరిగి బ్రదుకును. హఠాత్తుగా వచ్చి కొన్ని దినములకు తీయు వరదలో మాత్రము ఈ సాగుట నాశహేతువు. దాచుకొనిన చక్కెర యంతయు సాగుటకే ఖర్చై, నీరు తీయునప్పటికి మొక్క రిక్తహస్తముతో వాలిపోవును.

ఒడిశా ప్రాంతపు వంగడమునుండి వచ్చిన ఎఫ్.ఆర్.13ఎ. అను వరి దీనికి భిన్నముగా ప్రవర్తించును. మునిగినంతనే పెరుగుదల నాపి, నిలువను పొదుపుగా వాడుకొని, నీరు తీసిన పిమ్మట మరల చిగిర్చును. ఈ గుణమునకు మూలమైన సబ్1ఎ. అను జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించిరి. పశ్చిమగోదావరి జిల్లా మారుటేరు పరిశోధనాస్థానమున పుట్టి 1982లో విడుదలయైన స్వర్ణ వంగడము మనకందరకు సుపరిచితము. దానిలో ఈ గుణమును చేర్చి తయారుచేసిన స్వర్ణ-సబ్1 అను వంగడము 2009లో భారతదేశమున విడుదలయైనది. అది పిలకదశలో రమారమి రెండు వారముల ముంపునకు తట్టుకొనును. పూతవేళను కోతవేళను వచ్చు ముంపునకుగాని, నెలలతరబడి నిలుచు నీటికిగాని ఇది మందు కాదు. కష్టకాలమున ఖర్చు తగ్గించుకొనిన సంసారము నిలుచునన్న సామాన్యధర్మమే ఇందును కనబడుచున్నది.

విత్తనమునకును ఇదే న్యాయము. నీటిలో మునిగిన వరిగింజ పులియుటవలన వచ్చు స్వల్పశక్తితో మొలకతొడుగును మాత్రము పైకి సాచగలదు. వేరు సరిగా దిగదు. నారుమడిలో విత్తిన వెంటనే నీరు తీసి, బురద పదునుగా నుంచవలెనని పెద్దలు చెప్పుట ఇందుచేతనే.

6. గాదెలోని ఖర్చు

కోసి, నూర్చి, గాదెలో పోసిన విత్తనము కూడ బ్రదికియే యున్నది. ఆకు లేదు గనుక దానికి జమ లేదు. ఉన్నది ఖర్చు మాత్రమే. ఎండిన గింజలో మైటోకాండ్రియా నిద్రించుచున్నట్లుండును, ఖర్చు అత్యల్పము. తేమ చేరినకొలది అవి మేల్కొనును.

ఇందులో ఒక గొప్ప ప్రమాదము కలదు. ఒక కిలో చక్కెర దహింపబడినచో సుమారు 600 గ్రాముల నీరును, 1,470 గ్రాముల బొగ్గుపులుసు వాయువును పుట్టును. దానితోపాటు వేడియు పుట్టును. అనగా తడిసిన గింజ శ్వాసించుటచేత మరింత తడియును, మరింత వేడెక్కును, అందుచేత ఇంకను వేగముగా శ్వాసించును. అంతలో బూజు, పురుగు చేరును. వానిలోను మైటోకాండ్రియా ఉన్నవని పైని చెప్పితిమి. వాని శ్వాస గింజ శ్వాసకంటె నెంతయో అధికము. బస్తా నడుమ చేయి పెట్టినప్పుడు వేడి తగిలినచో అచ్చట మన విత్తనమును వేరొకరు ఖర్చు చేయుచున్నారని గ్రహింపవలెను.

హారింగ్టను అను అమెరికా విత్తనశాస్త్రజ్ఞుడు రెండు సులభసూత్రములను చెప్పియున్నాడు. తేమ 5 మొదలు 14 శాతమువరకు గల విత్తనములో 1 శాతము తేమ తగ్గినకొలది దాని ఆయువు రమారమి రెట్టింపగును. నిలువచేయు చోటి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినకొలది కూడ ఆయువు రెట్టింపగును. ఇవి స్థూలమైన లెక్కలే యైనను రైతునకు చాలును. ధ్రువీకృత వరి విత్తనము మామూలు సంచులలో నున్నచో తేమ 13 శాతము మించరాదనియు, మొలకశాతము 80కి తగ్గరాదనియు మన దేశమున నిబంధన కలదు. ఆరబెట్టునప్పుడు సైతము మితము కావలెను. విత్తనధాన్యము వేడిమి 43 డిగ్రీలు మించినచో జీవశక్తి చెడును. మండుటెండలో కాలు పెట్టలేని తారురోడ్డుపై పలుచగా పరచి మరచిపోవుటకంటె, కళ్లములో టార్పాలినుపై మాటిమాటికి తిరుగవేయుచు ఆరబెట్టుట మేలు.

7. సంఘముగా చేయదగినవి

గిడ్డంగి ఉమ్మడియైనప్పుడు తేమయు ఉమ్మడియే యగును. ఒక సభ్యుడు తొందరపడి పచ్చిబస్తాలు తెచ్చి వేసినచో, వానినుండి పుట్టిన వేడియు బూజును ప్రక్కబస్తాలకు ప్రాకును. తనది తనకే నష్టమని చెప్పుటకు వీలులేదు. కావున సభ్యులు ఈ క్రింది విషయములను యోచింతురుగాక.

ఒకటి: సంఘమునకు తేమను కొలచు యంత్రమొకటి యుండవలెను. విత్తనము ఎవరిదైనను, ఎంత పెద్దరైతుదైనను, కొలువనిదే గిడ్డంగిలో చేర్చుకొనరాదు.

రెండు: బస్తాలను నేలమీదను గోడకు ఆనించియు వేయక, చెక్కలమీద పేర్చి, చుట్టును గాలి యాడునట్లు చేయవలెను. నెలకొకసారి నడిమి బస్తాలను తాకి చూడవలెను.

మూడు: విత్తుటకు ముందు ప్రతి రాశినుండియు 100 గింజలను తీసి తడిగుడ్డలో చుట్టి మొలకలను లెక్కింపవలెను. కొన్ని వంగడములు కోసిన క్రొత్తలో కొంతకాలము నిద్రావస్థలో నుండును గనుక, ఆ కాలము గడచిన తరువాతనే పరీక్షించుట ఉచితము. 80కి తగ్గినచో ఆ రాశిని విత్తనమునకు వాడరాదు.

నాలుగు: ముంపు గ్రామములవారు వంగడమును ఎన్నుకొనునప్పుడు నీరు ఏ దశలో, ఎన్ని దినములు నిలుచునో వ్రాసి యుంచుకొని, దానికి తగినదానిని సంఘముద్వారా ముందుగా తెప్పించుకొనవలెను. మురుగుకాలువ పూడిక తీయుట కూడ ఒక్కరివలన అగు పని కాదు.

వెలుతురును తెచ్చుట మన వశము కాదు. ఆకు చేయు పనిని మనము చేయలేము. కాని ఆకును పచ్చగా నుంచుట, వేరునకు గాలి యందించుట, గింజను పొడిగా నుంచుట మన చేతిలోనివి. కంటికి కనబడని ఈ రేణువులు పగలంతయు కూడబెట్టిన దానిలో రాత్రి, ముంపు, తేమ హరింపగా మిగిలినదియే మన యింటికి చేరుచున్నది. ఆ మిగులును పెంచుకొను మార్గములు రెండు: జమ పెంచుట, వృథాఖర్చు తగ్గించుట. మొదటిదానికి ఎరువు, నీరు కొనవలెను. రెండవదానికి చాలవరకు శ్రద్ధయు, ఇరుగుపొరుగు కట్టుబాటును చాలును.